మన చేలగట్ల మీది మందు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి చాలామంది పాత జ్ఞాపకాలు చెప్పి మనల్ని నవ్వించారు, కొంత ఏడిపించారు కూడా. కమిటీ మిత్రులు మాత్రం నాకు వేరే పని పెట్టారు. "నువ్వు చేసే పనిలోంచి మన ప్రాంతానికి పనికొచ్చే మాట ఒకటి చెప్పు" అన్నారు. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. గింజల్ని ఎండబెట్టే, పొడి కొట్టే, నూనె తీసే యంత్రాలతో ఉద్యోగం చేస్తున్న ఇంజనీరును. అందుకే ఇవాళ వేపగింజ గురించి మాట్లాడతాను. మొక్కలు తమను తాము కాపాడుకోవడానికి తయారు చేసుకునే పదార్థాలతో పురుగునూ తెగులునూ ఎంతవరకు ఆపగలం, ఎక్కడ ఆపలేం అన్నది నా విషయం.

ఈ మాట ఇక్కడే ఎందుకు అంటారా? మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, పొదిలి, కనిగిరి, ఏ వైపు చూసినా మనది వాననూ బోరునూ నమ్ముకున్న సేద్యం. కంభం చెరువు కింద కొంత ఆయకట్టు ఉంది. వెలిగొండ నీళ్ళ కోసం మన నాన్నల తరం ఎదురుచూసింది, మనమూ ఎదురుచూస్తున్నాం. ఇలాంటి చోట మిరప, పత్తి, కంది, శనగ, పొగాకు వేసే రైతుకు వాన తన చేతిలో లేదు, ధర తన చేతిలో లేదు. చేతిలో ఉన్నది ఖర్చు ఒక్కటే. ఆ ఖర్చులో పురుగుమందుల వాటా ఎంతో ఇక్కడ కూర్చున్న వాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. అది చాలామందికి అప్పు మీద వచ్చే మందు. పంట అమ్మాక తీరుతుందనుకున్న అప్పు.

2021-22లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చిన సంగతి అందరికీ గుర్తుంది. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో మొదట బొప్పాయి మీద కనిపించిన ఈ పురుగు ఆ ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప పూతను తినేసింది. రోజు విడిచి రోజు మందు కొట్టినవాళ్ళు ఉన్నారు. నాలుగైదు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టినవాళ్ళు ఉన్నారు. పురుగు తగ్గలేదు, అప్పు పెరిగింది. ఎంత ఖరీదైన మందైనా దాని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ఆ ఏడు చూపించింది.

ఇక వేప దగ్గరికి వద్దాం. మన అవ్వలు కందుల్లో, పెసల్లో వేపాకు వేసి దాచారు. కందులకు ఎర్రమన్ను పట్టించారు. అదంతా అనుభవం మీద వచ్చిన జ్ఞానం. దాన్ని ప్రయోగశాలలో పరీక్షించిన చరిత్ర కూడా గొప్పది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రవేత్త వేపనూనె నుంచి నింబిన్ మొదలైన చేదు పదార్థాలను విడదీశాడు. 1959లో సూడాన్‌లో మిడతల దండు వచ్చి పచ్చనిదల్లా తినేసి పోతే, వేపచెట్లు మాత్రం ఆకులతో నిలబడి ఉండటం హైన్రిక్ ష్ముట్టరర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త గమనించాడు. 1962లో ఢిల్లీ వైపు మిడతలు వచ్చినప్పుడు మన భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు వేపపప్పు పొడి కలిపిన నీళ్ళను పైర్ల మీద చల్లి చూశారు. మిడతలు ఆ పైరు మీద వాలాయి కానీ తినలేదు.

తినకుండా ఆపే ఆ పదార్థాన్ని 1968లో ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గన్ అనే ఇద్దరు విడదీశారు. దాని పేరు అజాడిరక్టిన్. దాని అణు నిర్మాణం ఎంత చిక్కుముడి అంటే, అది ఖాయంగా తేలడానికి 1980ల దాకా పట్టింది. ప్రయోగశాలలో దాన్ని మొదటి నుంచి చివరిదాకా తయారు చేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం 22 ఏళ్ళు శ్రమపడి 2007లో పూర్తి చేసింది. నేను ఇంజనీరుగా చెబుతున్నాను, ఈ పదార్థాన్ని ఫ్యాక్టరీలో కట్టి అమ్మడం గిట్టుబాటయ్యే పని కాదు. నీళ్ళు పోయకపోయినా మన చేలగట్టు మీద ఏటా జూన్, జూలైలో దాన్ని తయారు చేసి కింద రాల్చేది వేపచెట్టే.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎలా వాడాలో తెలుస్తుంది. మొదటిది, పురుగుకు తిండి మీద ఆశ పోతుంది. ఆకు మీద ఉంటుంది కానీ కొరకదు. రెండోది, పురుగు పెరగాలంటే కుబుసం విడవాలి. కుబుసం విడిచే హార్మోను సమయానికి రాకుండా అజాడిరక్టిన్ అడ్డుపడుతుంది. పాత చర్మంలోనే పురుగు ఇరుక్కుపోతుంది. కాబట్టి కొట్టిన గంటలో పురుగులు రాలిపడవు. మూడు నాలుగు రోజులు పడుతుంది. మన రైతు సాయంత్రం మందు కొట్టి పొద్దున్నే చేనుకెళ్ళి చూస్తాడు. పురుగు కదులుతుంటే "ఇది పనిచేయదురా" అని కొట్టుకు పోతాడు. అక్కడే వేప ఓడిపోతోంది. గుడ్లు పెట్టే దశలో, పిల్ల పురుగుల దశలో కొడితే ఫలితం ఉంటుంది. శనగపచ్చ పురుగు కాయలోకి దూరాక, పొగాకు లద్దె పురుగు వేలంత అయ్యాక కొడితే వేప ఏం చేయలేదు. ఆ దశలో చాలా రసాయన మందులూ పెద్దగా చేయలేవు.

మోతాదు అందరికీ తెలిసిందే, అయినా చెబుతాను. 5 శాతం వేపగింజల కషాయం అంటే 5 కిలోల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, బాగా పిండి, వడపోసి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసుకోవడం. ఎకరానికి 200 లీటర్లు కొట్టాలంటే 10 కిలోల పప్పు. గింజకు పైనున్న గుజ్జు, తేమ, పెంకు పోగా మిగిలే పప్పు కొంచెమే కాబట్టి, నా మోటు లెక్కలో ఒక్క పిచికారీకి రెండు మూడు చెట్ల కాపు కావాలి. అంటే నాలుగెకరాల మిరప రైతు మూడుసార్లు కొట్టాలనుకుంటే తన గట్టు మీది చెట్లు చాలవు. ఊరి చెట్లు కావాలి. ఇది ఒక్క రైతు ఒంటరిగా చేసే పని కాదని ఈ లెక్కే చెబుతోంది.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. వేపగింజ పాడయ్యేది చేనులో కాదు, మన పెరట్లో. పండు రాలాక గుజ్జుతోనే గోతాంలో కుక్కి మూలన పడేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. అజాడిరక్టిన్ తగ్గిపోతుంది. పండును రెండు మూడు రోజుల్లో నీళ్ళలో వేసి గుజ్జు తీసి, కడిగి, నీడలో గాలి ఆడే చోట ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో రోజుల తరబడి పరవకూడదు. ప్లాస్టిక్ సంచిలో కట్టకూడదు, గోనె సంచిలో పెట్టాలి. ఏడాది దాటిన గింజను నమ్ముకోకూడదు. బాగా ఉన్న పప్పులో అజాడిరక్టిన్ 0.2 నుంచి 0.6 శాతం వరకు ఉంటుంది. పాడైన పప్పులో పేరుకు కూడా ఉండకపోవచ్చు. రెండూ చేతిలో ఒకేలా కనిపిస్తాయి, రెండూ చేదుగానే ఉంటాయి. చేదు ఉంది కదా అని మందు ఉన్నట్టు కాదు.

ఇంకో రెండు శత్రువులున్నారు. ఒకటి ఎండ. సూర్యకాంతి తగిలితే అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది, అందుకే సాయంత్రం కొట్టమంటారు. రెండోది క్షారం ఎక్కువున్న నీళ్ళు. మన వైపు బోరు నీళ్ళ రుచి మీ అందరికీ తెలుసు. ఈ పదార్థం కొద్దిగా పులుపున్న నీళ్ళలో నిలుస్తుంది, క్షారపు నీళ్ళలో విరిగిపోతుంది. కాబట్టి కషాయాన్ని ఏ రోజు కలిపితే ఆ రోజే కొట్టెయ్యాలి. మిగిలింది రేపు కొడదామని దాచుకోకూడదు.

పురుగు సంగతి ఇది. తెగులు సంగతి వేరు. ఇక్కడ చాలామంది పొరపడతారు. గింజను గానుగలో ఆడిస్తే నూనె బయటికి వస్తుంది. అజాడిరక్టిన్‌లో ఎక్కువ భాగం మాత్రం చెక్కలో ఉండిపోతుంది. బూడిద తెగులు వంటి శిలీంధ్రాలను అదుపు చేసేది ప్రధానంగా అజాడిరక్టిన్ కాదు, నూనె. ఆకు మీద పొరలా పరుచుకుని శిలీంధ్ర బీజాలు మొలకెత్తకుండా చేస్తుంది. అంటే ఒకే గింజలో రెండు పనులకు రెండు పదార్థాలున్నాయి. ఏది ఎందుకు కొంటున్నామో తెలియకుండా సీసా మీద వేపాకు బొమ్మ చూసి కొంటే డబ్బు పోతుంది. కొనేటప్పుడు అజాడిరక్టిన్ ఎంతో చూడండి. 300 పీపీఎం, 1500 పీపీఎం, 10000 పీపీఎం అని రాసి ఉంటుంది. 1500 పీపీఎం అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు. నూనె మందును మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. గంధకం మందుతో కలపకూడదు.

ఈ నూనె గురించే ప్రపంచమంతా మాట్లాడుకున్న గొడవ ఒకటి జరిగింది. వేపనూనెతో మొక్కల మీది శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతి తమదని అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే కంపెనీ కలిసి యూరప్‌లో పేటెంటు అడిగాయి. 1994లో ఆ పేటెంటు వచ్చింది కూడా. వందనా శివ, యూరప్ పార్లమెంటు సభ్యురాలు మాగ్దా ఆల్వోట్, సేంద్రియ వ్యవసాయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాన్ని సవాలు చేశారు. మన దేశంలో వేప సారంతో శిలీంధ్రాలను ఆపడం ముందు నుంచే ఉందని మ్యూనిక్‌లోని పేటెంటు కార్యాలయం ముందు సాక్ష్యం పెట్టారు. 2000 మే నెలలో పేటెంటు రద్దయింది. అప్పీలును కూడా 2005 మార్చిలో కొట్టేశారు.

ఈ కథ విని మనం గర్వపడతాం. పడవచ్చు. కానీ నాకు ఆ కథలో ఇంకో పాఠం కనిపిస్తుంది. అక్కడ గెలిపించింది "మా తాతలు వాడారు" అన్న మాట ఒక్కటే కాదు, చేసిన పనికి చూపించగలిగిన ఆధారం. మార్కాపురం పలక కథ మనకు తెలుసు. రాయి మన నేలలోది, చెమట మన వాళ్ళది. ముడి సరుకు అమ్మేవాడికి మిగిలేది ఎంతో, దాన్ని వస్తువు చేసి అమ్మేవాడికి మిగిలేది ఎంతో పలకల ఊరి వాళ్ళకు వేరే చెప్పాలా? వేపగింజ కూడా అంతే. జూన్‌లో మన ఆడవాళ్ళు ఏరి అమ్మిన గింజ, డిసెంబరులో సీసాలో నూనెగా మన కొట్టుకే తిరిగి వస్తుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయ్యాక ఆ నూనెకు గిరాకీ ఇంకా పెరిగింది.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్ళకు మన తెలుగు నేల మీదే జవాబుంది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు. పత్తికి మందులు కొట్టి కొట్టి అప్పుల్లో మునిగిన ఊరు. 1999 తర్వాత కొద్దిమంది రైతులు స్వచ్ఛంద సంస్థల సాయంతో పురుగుమందులు మానేసి చూశారు. నాలుగైదేళ్ళలో ఊరంతా మానేసింది. మహిళా సంఘం వాళ్ళు వేపగింజలు కొని, పొడి కొట్టించి రైతులకు అమ్మారు. అంటే మందుకు పెట్టే డబ్బులో కొంత ఊళ్ళోనే తిరిగింది. ఆ అనుభవాన్ని చూసే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యాన్ని రాష్ట్రంలో చాలా జిల్లాలకు తీసుకెళ్ళింది. ఇప్పుడు రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం పేరుతో చేస్తున్న పనికి అదే పునాది.

అయితే పునుకుల కషాయం ఒక్కదానితో గెలవలేదు. ఎండాకాలం దుక్కి, చేను చుట్టూ జొన్నో సజ్జో కంచె పంట, మధ్యలో ఆముదం, బంతి ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, వీటన్నిటి తర్వాతే కషాయం. నల్ల తామర పురుగును కూడా నీలం జిగురు అట్టలు, కంచె పంటలు, వేపనూనె కలిపి ముందు నుంచీ వాడితేనే కొంత అదుపు చేయగలం. వచ్చాక వేప కొడతాం అంటే కుదరదు.

ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రకృతిది కదా, హాని ఉండదు అనే మాట నిజం కాదు. మన పొదిలి, కనిగిరి వైపు పండే పొగాకులో ఉన్న నికోటిన్ మొక్క తయారు చేసిన పురుగుమందే. ఒకప్పుడు నికోటిన్ సల్ఫేటును పురుగుమందుగా వాడేవాళ్ళు. మనిషికి అంత విషం కాబట్టే ఇప్పుడు మన దేశంలో దాని వాడకం నిషేధం. పచ్చి పొగాకు తడి ఆకు ముట్టుకుని వాంతులు చేసుకున్న కూలీలను మీరు చూసే ఉంటారు, చర్మం గుండా ఎక్కేది అదే నికోటిన్. నల్లమల సీతాఫలం గింజలో పురుగును చంపే పదార్థాలున్నాయి, పేలకని తలకు రాస్తే కంట్లో పడి చూపు దెబ్బతిన్నవాళ్ళున్నారు. వేపనూనె పసిపిల్లలకు తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఉమ్మెత్త వేసిన కషాయం చేసేటప్పుడు, కొట్టేటప్పుడు చేతికి తొడుగు, మూతికి గుడ్డ ఉండాల్సిందే. వంటకు వాడే పాత్ర వేరు, కషాయానికి వాడే పాత్ర వేరు. కారం పట్టే మరలో వేపపప్పు పట్టకూడదు.

వేపకూ చేతకానిది ఉందని వేపే మనకు చెప్పింది. 2021, 22లలో తెలంగాణలోనూ మన రాష్ట్రంలోనూ వేపచెట్లు కొసల నుంచి ఎండిపోవడం చూశాం. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు. ఎన్నో పురుగులను ఆపే చెట్టు ఒక పురుగుకూ, ఎన్నో శిలీంధ్రాలను ఆపే చెట్టు ఒక శిలీంధ్రానికీ లొంగింది. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి, అది వేరే సంగతి. ఏ మొక్క మందైనా కొన్నిటి మీదే పనిచేస్తుంది. మిరప కాయకుళ్ళును వేపనూనె ఒక్కదానితో ఆపుతానని ఎవరైనా అంటే నమ్మకండి. "బయో" అని పేరు పెట్టి లోపల రసాయన మందు కలిపి అమ్మే సీసాలనైతే అసలు ముట్టుకోకండి.

ఈ సభలో పురుగుమందుల కొట్లున్న మిత్రులు కూడా ఉన్నారు. నిన్న రాత్రి ఒక అన్న నన్ను పక్కకు పిలిచి "నా పొట్ట కొడతావా తమ్ముడూ" అని నవ్వుతూ అడిగాడు. లేదన్నా. పంట పోయాక నీకు రావాల్సిన బాకీ కూడా పోతోంది కదా. రైతు నిలబడితేనే నీ ఖాతా పుస్తకం నిలబడుతుంది. నాణ్యమైన గింజ, నాణ్యమైన నూనె నీ కొట్టులోనే పెట్టు. ఏ పురుగుకు ఏ దశలో కొట్టాలో నీకన్నా బాగా రైతుకు చెప్పేవాడు లేడు.

ఇక మన సంఘానికి నా మనవి మూడు మాటల్లో. మొదటిది, వచ్చే జూన్‌లో మన చుట్టుపక్కల ఒక్క ఊరు ఎంచుకుని, అక్కడి మహిళా సంఘానికి గుజ్జు తీసే చిన్న యంత్రం, ఆరబెట్టే నీడ, పప్పుకోసం ప్రత్యేకంగా ఒక మర ఏర్పాటు చేద్దాం. స్వర్ణోత్సవానికి వసూలైన చందాలో మిగిలింది ఆర్చి కట్టడానికి కాకుండా దీనికి వాడండి అని అడుగుతున్నాను. యంత్రం బొమ్మ గీసి, చేయించి, నిలబెట్టే పూచీ నాది.

రెండోది, మన బడి ఆవరణలో రెండు మళ్ళు. ఒకదానికి కషాయం కొట్టాలి, ఇంకోదానికి ఏమీ కొట్టకూడదు. తొమ్మిదో తరగతి పిల్లలు వారానికోసారి పది మొక్కల మీద పురుగులు లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. మందు కొట్టే పని మాత్రం పిల్లలది కాదు, పెద్దలది. పోల్చి చూడటం, లెక్క రాయడం పిల్లలకు రావాలి. మ్యూనిక్‌లో గెలిపించింది ఆధారమే అని ఇందాక చెప్పాను. ఆ అలవాటు మన బడిలో మొదలవ్వాలి.

మూడోది, చెట్లు. రోడ్డు వెడల్పుకని, కట్టెకని కొట్టేసిన వేపచెట్ల స్థానంలో మళ్ళీ నాటాలి. మన నేలలో ఎవరూ నీళ్ళు పోయకపోయినా బతికే చెట్టు అది.

ఒక్క ఏడాదిలో ఎవరి అప్పూ తీరిపోతుందని నేను చెప్పను. రెండు పిచికారీల ఖర్చు తగ్గినా, మందు కొట్టి వచ్చిన రాత్రి తల తిరిగి పడుకునే మన అన్నలు నలుగురికి ఆ బాధ తప్పినా ఈ పని చేసినందుకు సరిపోతుంది. జూన్ రెండో వారంలో పండ్లు రాలుతుంటాయి. ఆ రెండు వారాలు సెలవు పెట్టుకుని ఇక్కడే ఉంటాను. వచ్చేవాళ్ళు సభ అయిపోయాక పేరు రాయించండి. ముఖ్యంగా అక్కలు, చెల్లెళ్ళు రాయించండి, ఈ పని మీ చేతుల మీదుగానే నిలబడుతుంది.